పరీక్షకు రాని ప్రశ్న



ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించాను. పద్యభాగంలో శృంగార ప్రస్తావన తగిలినప్పుడల్లా "ఇది పరీక్షకు రాదురా" అని పుట తిప్పేసేవాణ్ణి. తప్పనిసరి అయితే ప్రతిపదార్థం చెప్పి, తాత్పర్యం మింగేసేవాణ్ణి. పిల్లలు ముసిముసిగా నవ్వుకొనేవారు. నా గౌరవం నిలిచిందని నేను సంతోషించేవాణ్ణి.

2003 ప్రాంతంలో మన ఊళ్ళ గోడలమీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న వెలసింది, గుర్తుందా? ఒక కుర్రవాడు తరగతిలో లేచి "పులిరాజా ఎవరు మాస్టారూ?" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. వాణ్ణి గద్దించి కూర్చోబెట్టాను. జనం నోరు విప్పాలని వేసిన ప్రశ్నతో నేను పిల్లవాడి నోరు మూయించాను.

పదవీ విరమణానంతరం, 2019లో, నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. డిగ్రీ రెండవ సంవత్సరం, హాస్టల్లో ఉంటున్నాడు. ఆటవెలది గణాల గురించి ఏదో అడిగి, చాలాసేపు తటపటాయించి, అసలు సంగతి చెప్పాడు. మూడు వారాల క్రితం స్నేహితులతో వెళ్ళి, ఏ రక్షణా లేకుండా ఒక స్త్రీతో గడిపాడట. నాటినుండి కంటిమీద కునుకు లేదు.

"ఎయిడ్స్ ఎలా వస్తుందో చదువుకోలేదట్రా?" అన్నాను. గడగడా అప్పజెప్పాడు: అరక్షిత సంభోగం, కలుషితమైన సూదులు, పరీక్షించని రక్తం, తల్లినుండి బిడ్డకు. నాలుగుకు నాలుగు మార్కులూ వేయవలసిన జవాబు. కాని మందుల దుకాణంలో కండోమ్ అడగడానికి నోరు రాలేదట. రక్తపరీక్ష ఎక్కడ చేస్తారో తెలియదట. చేయించుకొంటే ఇంటికీ, కళాశాలకూ చెప్పేస్తారేమోనని భయమట.

మరునాడు ఇద్దరమూ జిల్లా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాము. అక్కడి కౌన్సెలరమ్మకు నా వయసులో సగముంటుందేమో. నేను జన్మంతా మింగిన మాటలను తడబాటు లేకుండా పలికింది. పరీక్ష ఉచితం. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఫలితం గోప్యం. మూడు నెలలు నిండాక మరల చేయించుకోవాలి. ఒకవేళ వ్యాధి సోకినా, 2004 నుండి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తున్నది. క్రమం తప్పక వాడితే నిండు జీవితం గడపవచ్చు.

"72 గంటలలోపు వైద్యుణ్ణి కలిసివుంటే, సోకకుండా మందు మొదలుపెట్టే వీలుండేది బాబూ" అన్నప్పుడు తల దించుకొన్నది వాడు కాదు, నేను. మూడు వారాల ఆ మౌనం నా తరగతిలో నేర్చుకొన్నదే.

ఫలితం ఏమని అడగకండి. అది వాడి సొంత విషయం.

మీలో ఉపాధ్యాయులున్నారు, కళాశాలకు వెళ్ళే పిల్లల తల్లిదండ్రులున్నారు. 1097కు ఉచితంగా ఫోన్ చేసి సందేహాలు అడగవచ్చునని పిల్లలకు చెప్పండి. కాగితం మీద వ్రాసి ఇవ్వడం కాదు, మీ నోటితో చెప్పండి. అలా చెప్పగలిగిన పెద్దల దగ్గరకే పిల్లలు వేళకు వస్తారు.