అన్నమ్మగారి గుడి దాటిన పదేళ్లు

గోదావరి డెల్టాలో పురాతన కథీడ్రల్ చూద్దామని బయల్దేరితే మాట దగ్గరే చిక్కొస్తుంది. కథీడ్రల్ అంటే పెద్ద గుడి కాదు, బిషప్ పీఠమున్న గుడి. ఇక్కడి ఏలూరు మేత్రాసనం, అంటే బిషప్ పాలనా ప్రాంతం, ఏర్పడిందే 1976లో. పాతదనమే కావాలంటే పీఠం సంగతి పక్కనబెట్టి, గౌతమి ఒడ్డున, ఒకప్పటి ఫ్రెంచి స్థావరమైన యానాం వెళ్లాలి. అక్కడి పునీత అన్నమ్మగారి దేవాలయం 1846లో పూర్తయింది. నేను వెళ్లింది దాన్ని చూడ్డానికే. దీన్ని ఫ్రెంచివారి గుర్తుగా చూపించడం అలవాటు. కట్టిన తీరు యూరప్‌దే, కాదనను. కానీ ఆ గుర్తింపు సగమే నిజమని, మిగతా సగం డెల్టాదని నా వాదన.

ముందు తేదీలు చూడండి. పునాది వేసిన పాదిరి 1836లోనే కన్నుమూశారు. అంటే పునాదికీ పూర్తికీ మధ్య పదేళ్ల పైమాటే. అవేమన్నా మామూలు పదేళ్లా? 1832–33 నందన కరువు నుంచి జనం అప్పటికింకా తేరుకోలేదు. 1839 నవంబరు 25న ఉప్పెన పక్కనున్న కోరంగి రేవును ఊడ్చేసింది. ఓడలు కట్టి సముద్రాల మీద తిప్పిన ఊరు మళ్లీ కోలుకోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో, ముగిసింది 1852లో. కాలవల కింద పచ్చబడ్డ కోనసీమను మనసులో పెట్టుకుని ఈ గుడిని చూస్తే పొరబడతాం. ఆనకట్టకు ముందటి డెల్టాలో, కరువూ ఉప్పెనా వరసగా కొట్టిన నేల మీద లేచిన కట్టడమిది. ఆలస్యానికి డబ్బు లేకపోవడమో, పూనుకునే మనిషి పోవడమో కారణం కావచ్చు గదా అంటారు. కావచ్చు. తుపానే పని ఆపిందని నేననను. ఏ కారణంతో ఆగినా, మళ్లీ చేపట్టి ముగించింది మాత్రం ఆ దెబ్బ తిన్న తీరంలోనే.

సామగ్రి ఫ్రాన్స్ నుంచి తెప్పించారు గదా అన్నది రెండో అభ్యంతరం, ఇంకాస్త బలమైనది. పూజాసామగ్రి, అలంకార వస్తువులు అక్కణ్ణుంచి వచ్చాయనే చెబుతారు. అయితే గోడలు ఓడెక్కి రావు. ఒండ్రుమట్టి తప్ప రాయి దొరకని ఈ లంకల్లో పెద్ద కట్టడమంటే ఇటుకా సున్నమే. ఇటుక కాల్చే చేతులూ, గానుగలో సున్నం నూరే చేతులూ ఇక్కడివే. పైగా అప్పటి ఫ్రెంచి పాలన ఎంత బలమైనదని? నెపోలియన్ యుద్ధాల తర్వాత ఈ స్థావరాలను ఫ్రెంచివారికి తిరిగి ఇచ్చినప్పుడు కోటలు కట్టకూడదన్న షరతు పెట్టారు. చుట్టూ ఇంగ్లీషు కంపెనీ నేల. తర్వాతి కాలంలో ఇంగ్లీషు పాలనలోని నేల మీద శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చేసుకునేవాళ్లు తరలి వచ్చి యానాంకు కల్యాణపురమని పేరు తెచ్చారంటే, ఫ్రెంచి జెండా విలువ ఎక్కువగా సరిహద్దు గీతలోనే ఉందన్నమాట. అలాంటి ఊళ్లో గుడి ఎత్తును సామ్రాజ్య దర్పంగా చదవడం నాకు నప్పలేదు.

జెండా 1954లో దిగింది. 1996 నవంబరు తుపాను ఈ తీరాన్నే చీల్చుకుపోయింది. గుడి రెండింటినీ దాటింది. అన్నమ్మగారి పండగ జూలై 26. గౌతమిలో ఎర్రనీరు దిగే రోజులవి.