దానానికి ముందు మరమ్మత్తు

కఠోపనిషత్తు ఒక దానప్రసంగంతో ఆరంభమవుతుంది. సర్వస్వాన్నీ దక్షిణగా ఇవ్వవలసిన యజ్ఞంలో వాజశ్రవసుడు పాడి ఉడిగిన వృద్ధగోవులను ఋత్విజులకు ఇస్తున్నాడు. పైకి చూస్తే విధికి లోపం లేదు. కానీ బాలుడైన నచికేతుని హృదయంలో శ్రద్ధ ప్రవేశించి, ఆ దానంలోని డొల్లతనాన్ని చూపింది. ఇచ్చేవానికి భారం తగ్గుతోంది, పుచ్చుకొనేవానికి భారం పెరుగుతోంది. యమసదనంలో జరిగిన ఆత్మవిద్యోపదేశానికంతటికీ బీజం ఈ చిన్న సందేహమే.

ఈ సందేహానికి యజ్ఞశాలలోనే కాదు, ప్రతి ఇంటి పెరటి వసారాలోనూ తావుంది.

కోనసీమలోని ఒక అగ్రహారంలో, విశ్రాంత సంస్కృతోపాధ్యాయులొకరి ఇంట, రెండు తొట్టెల పాత వాషింగ్ మెషిన్ మూడేళ్ళుగా మూలపడి ఉంది. కొని ముప్పై ఏళ్ళు దాటింది. పట్నంలోని కుమారుడు క్రొత్తది పంపిన నాటినుండి దీనిపై గోనెపట్టా కప్పి ఉంచారు. సమీపంలోని వేదపాఠశాల విద్యార్థులు పంపు వద్ద దుప్పట్లు ఉతుక్కోవడం చూసి, కార్తిక శుద్ధ ఏకాదశినాడు దీనిని వారికి ఇవ్వాలని పండితులు సంకల్పించారు. మడిబట్టలు ఎలాగూ చేతితోనే తడుపుకొంటారు. దుప్పట్లకూ తువాళ్ళకూ ఇది ఉపకరిస్తుందని వారి భావన.

ధర్మపత్ని ఒక్క మాట అడిగారు: "ఏమండీ, తిరగని యంత్రాన్ని పంపితే అది దానమవుతుందా? మన వసారా ఖాళీ అవుతుంది, వాళ్ళ వసారా నిండుతుంది. అంతేగా!"

నచికేతోపాఖ్యానాన్ని ఏళ్ళ తరబడి బోధించిన పండితులు మారుమాటాడక మెకానిక్‌ను పిలిపించారు.

స్విచ్ వేస్తే మోటారు మూలుగుతోందే గాని తిరగడం లేదు. అది కాలిపోయిందనే ఇంటివారి నిశ్చయం. మెకానిక్ ప్లగ్ తీసి, వెనుక పలక విప్పి, ముందుగా కెపాసిటర్ కొనలకు బల్బు తీగలు తాకించాడు. సరఫరా ఆగినా అందులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు, తాకితే కొడుతుంది. తరువాత బెల్టు తప్పించి త్రిప్పి చూస్తే మోటారు ఇరుసు సులువుగానే తిరిగింది. ఇళ్ళకు వచ్చే సింగిల్ ఫేజ్ విద్యుత్తు ఈ తరహా మోటారును తనంత తానుగా కదిలించలేదు. తొలి ప్రేరణ ఇచ్చేది కెపాసిటరే. 10 మైక్రోఫారడ్లు చూపవలసినది మీటరులో 4 మాత్రమే చూపింది. అరచేతిలో ఇమిడే ఆ భాగాన్ని మార్చగానే మోటారు తిరిగింది. శక్తి ఉంది, దేహమూ ఉంది; ప్రేరకం ఒక్కటే క్షీణించింది. వివేకం లేనిచోట దానినే మరణమని భ్రమించడం జరుగుతుంది.

ఉతికే తొట్టె అడుగున సీలు అరిగి, నీరు బేరింగులోకి దిగి త్రుప్పు పట్టింది. సీలు ఉంచి బేరింగు మాత్రమే మారిస్తే మళ్ళీ అదే గతి పడుతుందని మెకానిక్ రెండూ మార్చాడు. బీటలు వారిన బెల్టును, ఎలుకలు కొరికిన తీగలను తీసి క్రొత్తవి వేశాడు. ఖర్చు అప్పటికే పాతసామాను ధరను మించింది. ఇక చాలునని పండితులు అనుకొన్నారు.

అప్పుడు నీరు పిండే తొట్టెను పరీక్షించారు. మూత తెరవగానే విద్యుత్తు ఆగి, అడుగున ఉన్న బ్రేకు ఆ తొట్టెను పట్టి నిలపాలి. బ్రేకు అరిగిపోవడం చేత మూత తెరచినా తొట్టె చాలాసేపు తిరుగుతూనే ఉంది. కుమ్మరి కర్ర తీసినా చక్రం కొంతసేపు తిరుగుతుందని ప్రారబ్ధకర్మకు వేదాంతులు చెప్పే దృష్టాంతం పండితుల స్ఫురణకు వచ్చింది. మెకానిక్‌కు తోచింది వేరు.

"మాస్టారూ, పిల్లలు తొందరపడి చెయ్యి పెడతారండీ. తిరుగుతున్న బట్ట వేలికి చుట్టుకుందంటే వేలికే ప్రమాదం. బ్రేకు వెయ్యకుండా దీన్ని పంపకండి."

ఆ పాత నమూనాకు తగిన బ్రేకు స్థానికంగా లేదు. రాజమహేంద్రవరం నుండి తెప్పించాలి. ఏకాదశి మరునాడే. పుణ్యతిథి ఒక వైపు, ఎవరో ఒక బాలుని వేలు మరొక వైపు. పండితులు తిథిని విడిచిపెట్టారు. బ్రేకు వచ్చాక, పాఠశాలలోని ప్లగ్గుకు ఎర్త్ ఉన్నదో లేదో పరీక్షింపజేసి, ఏ విశేషమూ లేని ఒక బుధవారంనాడు యంత్రాన్ని పంపారు.

దేశకాలపాత్రాలను చూసి దానం చేయమని శాస్త్రం. ఆ మూడూ చూసి, ఇచ్చే వస్తువును చూడకపోతే వాజశ్రవసుని లోపమే మనదీ అవుతుంది. చెడినదానిని మమకారంతో దాచుకోవడం లోభం, చెడినదానినే ఇతరులకు అంటగట్టడం వంచన. దానిని బాగుచేయడానికి పట్టిన కాలమూ ధనమూ శ్రమా కూడా దానంలో భాగాలే. పుచ్చుకొనేవాని చేయి ఆ వస్తువుపై ఎలా పడుతుందో ముందుగా ఊహించగల మనస్సులోనే శ్రద్ధ నివసిస్తుంది.

స్వస్తి.