దుర్గం చెరువు గట్టున

ఫిల్మ్‌నగర్ గుట్టల కింద ఒకవైపు స్టూడియోలు, సినీ ప్రముఖుల భవంతులు. కొద్ది దూరంలోనే కుతుబ్‌షాహీ సమాధులు, గోల్కొండ కోట. జూబ్లీహిల్స్‌ను మాదాపూర్‌తో కలుపుతూ 2020లో ప్రారంభమైన తీగల వంతెన కింద ఉన్నది దుర్గం చెరువు. ఒకనాడు గోల్కొండ దాహం తీర్చిన చెరువిది.

మేము విద్యార్థులతో ఆ గట్టున నడుస్తుండగా ఒకరు సంచిలోంచి చేతి వడపోత పరికరం తీసి, "ఉస్తాద్, దీనితో ఈ నీళ్లు తాగవచ్చా?" అని అడిగారు. వద్దన్నాము.

ఇటువంటి పరికరాలలో సన్నని గొట్టాల వంటి పోగులుంటాయి. వాటి రంధ్రాలు సాధారణంగా 0.1 మైక్రాన్. కలరా, టైఫాయిడ్ క్రిములు అక్కడ ఆగిపోతాయి. హెపటైటిస్-ఎ వంటి వైరస్‌లు అంతకన్నా సూక్ష్మమైనవి గనుక దాటిపోతాయి. నీటిలో కరిగిన రసాయనాలను ఆ పోగులు ఆపలేవు. నగరపు మురుగు చేరిన నీరు వాటిగుండా తేటగా రావచ్చు, తాగునీరు మాత్రం కాదు.

అడవిదారులలో, కొండవాగుల వద్ద ఇది మంచి తోడే. కొనేముందు రంధ్రాల పరిమాణం చూడాలి. బురదనీటిని ముందుగా గుడ్డతో వడకట్టాలి. పరికరం నుండి వచ్చిన నీటిని ఒక నిమిషం తెర్లకాచాలి. లేదా క్లోరిన్ బిళ్ల వేసి, పొట్లంపై సూచించినంత సేపు ఆగాలి. మురికినీటి సీసాను, మంచినీటి సీసాను కలపరాదు. ప్రయాణానంతరం శుభ్రమైన నీటిని ఎదురుదిశలో పంపి పోగులను కడిగి ఆరబెట్టాలి.

కోటను పోషించిన చెరువు ఎదుటే ఉన్నా, ఆ రోజు మా విద్యార్థులు ఇంటినుండి తెచ్చుకున్న నీళ్లనే పంచుకుని తాగారు. పాడైన చెరువును బాగుచేసే పరికరం ఏ సంచిలోనూ ఇమడదు.