పిచించా భుజం మీద

ఈక్వెడార్ రాజధాని క్విటో 2,850 మీటర్ల ఎత్తున ఉంది. భూమధ్యరేఖ పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా పొద్దున్నే స్వెట్టర్ లేనిదే గడప దాటలేం. ఊరికి పడమటి దిక్కున అడ్డంగా నిలబడ్డ అగ్నిపర్వతం పిచించా. దాని వాలు మీదికి 2005 నుంచి కేబుల్ కారు నడుస్తోంది. మధ్యాహ్నమైతే మబ్బు కమ్మేస్తుందని నేనూ మా బావమరిదీ పెందలాడే వెళ్లాం.

ఆరుగురు పట్టే క్యాబిన్. తలుపులు మూసుకున్నాయో లేదో, కాళ్ల కింద యూకలిప్టస్ తోపు జారిపోసాగింది. స్తంభం దాటినప్పుడల్లా గడగడమని ఓ కుదుపు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మాత్రం తలెత్తకుండా ఊలు అల్లుకుంటూనే ఉంది. కాసేపటికి చెట్లు అయిపోయి, పసుపుపచ్చటి గడ్డి కొండలు మొదలయ్యాయి. మావాడు బ్యాగులోంచి చిప్స్ ప్యాకెట్ తీశాడు. అది బాగా ఉబ్బిపోయి, అతుకు దగ్గర పిగిలేలా ఉంది. బయట గాలి ఒత్తిడి తగ్గిందని చెప్పడానికి వేరే మీటరెందుకు?

ఇరవై నిమిషాల్లోపే 3,117 నుంచి 3,945 మీటర్లకు చేరాం. అలిపిరి నుంచి తిరుమల మెట్లన్నీ ఎక్కినా ఇంత ఎత్తు రాదు. అక్కడైతే మోకాళ్ల పర్వతం దగ్గరే మన సంగతి తేలిపోతుంది. ఇక్కడ కాళ్లకు పనే లేదు, ఆ బాకీ పైకెళ్లాక తీర్చాలి. సముద్రతీరంలో అందే ప్రాణవాయువులో ఇక్కడ దొరికేది సుమారు అరవై శాతమే. ‘‘నాలుగు మెట్లేగా బావా, పద’’ అన్నవాడు ఆ నాలుగో మెట్టు మీదే నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయాడు.

కింద క్విటో ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగిపోతోంది. ఇళ్ల మధ్య తిన్నటి గీత ఒకటి కనిపించింది. 2013లో మూసేసిన పాత విమానాశ్రయం రన్‌వే అది, ఇప్పుడు పార్కు. ఆ కప్పుల మీదుగా అన్నేళ్లు విమానాలెలా దించారో మరి!

1822 మే 24న స్వాతంత్ర్య పోరాట నాయకుడు సూక్రే సేనలు స్పెయిన్ సైన్యాన్ని ఓడించింది ఈ కొండ వాలులోనే. రాత్రంతా కొండెక్కి, తెల్లారాక యుద్ధం చేశారు. బడిలో అయితే తేదీ బట్టీపట్టి వదిలేసేవాణ్ణి. ఇక్కడ రొప్పుతూ నిలబడ్డాక, తుపాకులు మోసిన ఆ మనుషుల ఊపిరితిత్తుల గురించే ఆలోచన.

ఇక్కణ్ణుంచి 4,696 మీటర్ల రుకు పిచించా శిఖరానికి కాలిబాట ఉంది. స్థానిక కుర్రాళ్లు కొందరు మమ్మల్ని దాటుకుని పరుగున పోయారు. శిఖరం దాకా వెళ్దామని రాత్రి పట్టుబట్టిన మావాడు ఆ ఊసే ఎత్తకుండా, కోకా ఆకుల టీ ఎక్కడ అమ్ముతారో కనుక్కొచ్చాడు.