నెలకు ఎంత కట్టగలరు?

మొన్న శనివారం మా 2014 కామ్రీని ఇచ్చేసి కొత్త బండి తెచ్చుకున్నాం. ఇంకా నా కోపం చల్లారలేదు. ధర తక్కువొచ్చిందని కాదు, చివరికి న్యాయమైన ధరే వచ్చింది. షోరూంలో కూర్చున్న నాలుగు గంటల్లో ఐదుసార్లు అడిగాను, "నా పాత బండికి ఎంత ఇస్తారు?" అని. ఐదుసార్లూ అదే ఎదురు ప్రశ్న: "నెలకు ఎంత కట్టగలరు?"

నేను అడిగిందేమిటి, అతను అడుగుతున్నదేమిటి?

డల్లాస్ వైపు కొత్తగా వచ్చిన మన పిల్లలకు ఇది చెప్పి తీరాలి. సేల్స్‌మన్ ఒక కాగితం తీసి అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీస్తాడు. నాలుగు గళ్లు. పాత బండి ధర, కొత్త బండి ధర, ముందు కట్టే డబ్బు, నెలవారీ వాయిదా. ఒక గడిలో మనల్ని సంతోషపెట్టి ఇంకో గడిలో రాబట్టుకోవచ్చు. పాతదానికి వెయ్యి డాలర్లు పెంచి, కొత్తదాని ధరలో ఆ వెయ్యి తగ్గించకుండా ఉంటే చాలు. 60 నెలల అప్పును 72 నెలలు చేస్తే వాయిదా తగ్గినట్టే కనిపిస్తుంది, వడ్డీ మాత్రం ఇంకో ఏడాది నడుస్తుంది. అందుకే ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. ముందు కొత్తదాని ధర తేల్చుకోవాలి, తర్వాత పాతదాని ధర విడిగా తేల్చుకోవాలి. నెలల మాట ఆ తర్వాతే.

టెక్సస్‌లో ఒక మంచి చట్టం ఉంది. కార్ల డీలర్లు శని, ఆదివారాల్లో ఏదో ఒక్క రోజే అమ్మాలి. చాలామంది ఆదివారమే మూసేస్తారు. బండి మార్చడానికి ముందు ఆదివారం నేనూ మా ఆవిడా వెళ్లి, వెంటపడేవాళ్లు లేకుండా బళ్లన్నీ తిరిగి చూసుకున్నాం. సోమవారం కామ్రీని కడిగించి, రెండు తాళాలూ, పదేళ్ల సర్వీసు రసీదులూ పట్టుకుని వాడిన కార్లు కొనే పెద్ద సంస్థ ఒకదానికి వెళ్లాను. అరగంటలో బండి చూసి, 8,400 డాలర్లని కాగితం మీద రాసిచ్చారు. ఏడు రోజుల వరకు అదే ధర. వాళ్ల దగ్గర ఇంకో బండి కొన్నా, కొనకపోయినా అంతే.

నాకు నిజంగా ముచ్చటేసింది. మా నాన్నగారు మారుతి 800 అమ్మినప్పుడు ఫారం 29, ఫారం 30, బ్యాంకు అప్పు తీరిందని ఫారం 35... సంతకాలకే నెల పట్టింది. కానీ కొనేవాడు మా ఇంటికొచ్చాడు, మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగాడు, ఇంత ఇస్తానని మా నాన్న మొహం చూసి చెప్పాడు. ఆ ఒక్క విషయంలో మనవాళ్లే నయం. ఇక్కడ షోరూంలో నా సేల్స్‌మన్ ప్రతి మాటకూ "మేనేజర్‌ని అడిగొస్తాను" అని లేచి వెళ్లాడు. ఆ మేనేజర్‌ని ఇప్పటికీ నేను చూడలేదు. మొదటిసారి తెచ్చిన అంకె 6,500. "మరి నెలకు ఎంతైతే మీకు వీలవుతుంది?" అని దాని వెనకే మళ్లీ.

నిజానికి ఈ దేశంలో ఇది ఇలా మొదలవలేదు. లాస్ ఏంజెలెస్‌లో పాత కార్లు అమ్మే లెస్ కెల్లీ అనే ఆయన, ఏ కారుకు తాను ఎంత ఇస్తాడో జాబితా రాసి పంచేవాడు. 1926లో అదే బ్లూ బుక్ అనే కార్ల ధరల పుస్తకం అయింది. కొనేవాడే ముందుగా తన ధర రాసి చూపించాడు! అంత తెరిచిన వ్యాపారం వేసిన బాటలోనే ఇప్పుడు ఇన్ని తలుపులు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాదు.

మా తాతయ్య ఒంగోలు గిత్తల జతను సంతలో అమ్మినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కొనే రైతు పళ్లు చూశాడు, సుడులు చూశాడు, కాస్త దూరం నడిపించాడు. తర్వాత కండువా కింద చేతులు కలిపారు. బేరమంతా వేళ్లతోనే. ఆ ధర చుట్టూ ఉన్నవాళ్లకు రహస్యం గాని మా తాతయ్యకు కాదు. ఒప్పుకున్నాక పలుపులు విప్పి తన భుజాన వేసుకున్నారు. గిత్తల్ని ఇచ్చారు గాని పలుపులు ఇవ్వలేదు. ఇంటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

షోరూంలో బండి చూసినతను గ్లవ్ బాక్స్ మీద పసుపు మరక ఉందని రాసుకున్నాడు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి దగ్గర పూజ చేయించిన రోజు అంటిన మరక అది. మా అమ్మాయిని ఆసుపత్రి నుంచి తెచ్చింది ఆ బండిలోనే. బండంతా తుడిపించాను, ఆ మరక జోలికి మాత్రం పోలేదు.

ఐదోసారి నేను 8,400 కాగితం తీసి బల్ల మీద పెట్టాను. అప్పుడు 8,000 వచ్చింది. ఇక్కడ కొంచెం లెక్క ఉంది. టెక్సస్‌లో బండి మీద పన్ను 6.25 శాతం. అదే డీలరుకు పాతది ఇస్తే దాని ధర తీసేసి మిగతాదాని మీదే పన్ను. కొత్తది 32,000. పన్ను 2,000 కావాల్సింది, 24,000 మీద 1,500 అయింది. అంటే అతనిచ్చే 8,000 నాకు 8,500తో సమానం. బయట వచ్చే 8,400 కంటే వంద ఎక్కువే. కాలిఫోర్నియాలో మా బావమరిదికి ఈ తగ్గింపు లేదు, అక్కడ మొత్తం మీద కట్టాల్సిందే. కొత్తదాని ధర కాగితంలో మారలేదని రెండుసార్లు చూసుకుని సంతకం పెట్టాను.

డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి మా ఆవిడ మెల్లగా ఊడదీసి కొంగులో చుట్టుకుంది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. ధర చెబితే "బానే వచ్చిందిలే నాన్నా" అంది. కాసేపాగి, "ఎవరు కొనుక్కున్నారు? ఏ ఊరికి పోయింది మన బండి?" అని అడిగింది. అంత తిరిగిన బళ్లను డీలర్లు చాలావరకు వేలానికి పంపేస్తారు. ఆ మాట అమ్మతో అనలేకపోయాను.

"తెలియదమ్మా" అన్నాను.