లెక్కల కంప్యూటర్‌లో ‘మెమరీ ఎర్రర్’ వస్తే మన లెక్కలు పోయినట్టేనా?

ఇవాళ పురుగు గురించో ఎరువు గురించో కాదు, కంప్యూటర్ గురించి రాస్తున్నా. మనకెందుకులే అని పక్కకు జరపకండి. ఎఫ్‌పీవో కానీ, పాలకేంద్రం కానీ, సొసైటీ కానీ, ఎవరు ఎన్ని బస్తాలు అరువు తీసుకున్నారు, ఎవరికి ఎంత రావాలి అన్నది ఇప్పుడు ఆ పెట్టెలోనే ఉంటోంది. అది మొరాయిస్తే ఆగేది మన డబ్బే.

మా సంఘంలో నేనూ ఒక డైరెక్టర్‌ని. పోయిన సీజన్‌లో సరిగ్గా మొక్కజొన్న డబ్బులు పంచాల్సిన వారంలో ఇది జరిగింది. సభ్యుల ఖాతాలన్నీ ఒకేసారి తెరిచి ప్రింట్ తీయబోతే ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని వచ్చి సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే కాసేపు బాగానే నడిచి, ఈసారి ఇంకో రకం: ఫలానా చోట మెమరీని చదవలేకపోయాం అని, పక్కన సున్నాలు, అక్షరాలు. సాయంత్రానికి టీ కొట్టు దగ్గర మాట మారిపోయింది. కంప్యూటర్ మెమరీ పోయిందట, లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోయాయట! ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చి, “నా ముప్ఫై క్వింటాళ్లు ఉన్నట్టా, పోయినట్టా? ఒక్క మాట చెప్పండయ్యా” అన్నాడు. ఆయన అడగడంలో తప్పేముంది? మెమరీ అంటే జ్ఞాపకం. బాకీ ఉన్నవాడికి జ్ఞాపకం పోయిందంటే ఎవరికైనా గుండె జారుతుంది.

ఆ పెద్దాయనకు చెప్పిందే మీకూ చెప్తున్నా. కంప్యూటర్‌లో కల్లం వేరు, గాదె వేరు. మనం సేవ్ చేసిన లెక్కలన్నీ హార్డ్ డిస్క్‌లో ఉంటాయి, అది గాదె. పని చేసేటప్పుడు వాటిని తెచ్చి పరుచుకునే జాగా ర్యామ్, అది కల్లం. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అంటే కల్లంలో జాగా చాల్లేదని. గాదెలో గింజలు గాదెలోనే ఉన్నాయి. కాకపోతే గాదెకు చేరకముందే వాన పడితే కల్లంలో ఉన్నది తడిసినట్టు, సేవ్ అవుతుండగా సాఫ్ట్‌వేర్ పడిపోతే ఆ ఒక్క ఎంట్రీ పోవచ్చు, ఫైలు చెడనూ వచ్చు. భయపడాల్సింది అక్కడ.

మరుసటి రోజు రిపేరు కుర్రాడు వచ్చాడు. చూసీ చూడగానే ర్యామ్ పెంచాలన్నాడు, లేదంటే ఫార్మాట్ కొట్టి, డేటా రిపేర్ నొక్కేద్దాం అన్నాడు. మా దగ్గర లెక్కలు రాసే అమ్మాయి మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. “అన్నా, ముందు కాపీ తీసుకోనివ్వు, తర్వాత ఏమన్నా చెయ్యి” అంది. ఆ అమ్మాయి పట్టుదలే ఆ రోజు మమ్మల్ని కాపాడింది. ఎందుకంటే ఈ రకం సాఫ్ట్‌వేర్లలో రిపేర్ అనే పని డేటా ఫైళ్లను మళ్లీ కొత్తగా రాస్తుంది. చదవలేని ఎంట్రీ తగిలితే కొన్నిసార్లు దాన్ని వదిలేసి ముందుకెళ్లిపోతుంది. అయ్యాక తెర మీద అంతా బాగానే కనిపిస్తుంది. వదిలేసిన ఎంట్రీ ఎవరిదో ఆ మనిషి వచ్చి అడిగేదాకా తెలీదు.

కాబట్టి మొదట సాఫ్ట్‌వేర్‌ని అన్ని కంప్యూటర్లలో మూసేసి, డేటా ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యాలి. అదే కంప్యూటర్‌లో ఇంకో మూలన పెడితే లాభం లేదు. తర్వాత కాగితం మీద నగదు నిల్వ, బ్యాంకు నిల్వ, మొత్తం వోచర్లు ఎన్ని, రావాల్సిందెంత, ఇవ్వాల్సిందెంత అని రాసి పెట్టుకోవాలి. రిపేర్ చేయక తప్పకపోతే, అయ్యాక ఆ కాగితంతో సరిచూడాలి.

ఇక జబ్బు ఎక్కడుందో తేల్చడం. మేం ఆ పెన్‌డ్రైవ్ పట్టుకుని మా ఆడిటర్ గారి ఆఫీసుకెళ్లాం. అదే సాఫ్ట్‌వేర్, అదే వెర్షన్ అక్కడ ఉంది. వెర్షన్ ఒకటే అయ్యుండాలి, కొత్త దాంట్లో తెరిస్తే డేటా మారిపోయి పాత దాంట్లో మళ్లీ తెరుచుకోకపోవచ్చు. అందుకే కాపీనే తెరవాలి. అక్కడ సభ్యుల ఖాతాలన్నీ ఏ అడ్డూ లేకుండా తెరుచుకున్నాయి. అక్కడ కూడా సరిగ్గా అదే ఖాతా దగ్గర, అదే తేదీ దగ్గర ఆగి ఉంటే జబ్బు డేటాలో ఉందని అనుమానించాలి. తెరుచుకుంది కాబట్టి డేటా చాలావరకు క్షేమం, జబ్బు మా కంప్యూటర్‌ది. ఈ పరీక్షకు పైసా ఖర్చు కాలేదు, బస్సు చార్జీ తప్ప.

ర్యామ్ పెంచాలన్న మాట సంగతి కూడా చెప్పాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మన సాఫ్ట్‌వేర్ పేరు పక్కన 32 బిట్ అని ఉంటే, మీరు 16 జీబీ ర్యామ్ వేసినా అది మామూలుగా 2 జీబీ వరకే, ప్రత్యేకంగా తయారుచేసి ఉంటే 4 జీబీ వరకే వాడుకోగలదు. ఎకరం కల్లం చేసిచ్చినా దాని పాటి దానిదే. మాది 32 బిట్టే. అలాంటప్పుడు మూడేళ్ల ఖాతాలు ఒకేసారి తెరవకుండా నెల నెలా తీసుకోవాలి, పక్కన తెరిచి పెట్టిన బ్రౌజర్లు మూసేయాలి. ఇంకోటి, విండోస్ 10, 11లలో చాలా కంప్యూటర్లు షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే పూర్తిగా కొత్తగా మొదలవ్వవు, రీస్టార్ట్ కొడితేనే మొదలవుతాయి. మా సీ డ్రైవ్ చూస్తే ఎర్రగా నిండిపోయి ఉంది, పెళ్లి వీడియోలు, సినిమాలు (ఎవరివో ఎవరూ చెప్పలేదు). ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లోనే కొంత జాగా అరువు తీసుకుంటుంది, అక్కడా చోటు లేకపోతే మెమరీ లేదనే అంటుంది. అవి తీసేశాక మొదటి ఎర్రర్ మళ్లీ రాలేదు.

రెండోది మాత్రం వస్తూనే ఉంది. అదీ ఒక చోట కాదు. ఒకసారి బిల్లు కొడుతుంటే, ఒకసారి ఊరికే కూర్చుంటే, ఆఖరికి ఎక్సెల్ కూడా పడిపోయింది. ఎప్పుడూ ఒకే చోట పడిపోతుంటే సాఫ్ట్‌వేర్‌నో, డేటానో, కొత్తగా తగిలించిన యాడ్ఆన్‌నో చూడాలి. ఇలా ఎక్కడ పడితే అక్కడ, వేరే ప్రోగ్రాములు కూడా పడిపోతుంటే ర్యామ్ ముక్కనే అనుమానించాలి. స్టార్ట్ దగ్గర ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని టైప్ చేస్తే ఆ పరీక్ష వస్తుంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయి తనే పరీక్ష చేసుకుంటుంది. మాకు హార్డ్‌వేర్ సమస్య ఉందని చూపించింది. రెండు ర్యామ్ ముక్కలుంటే ఒకటి తీసి ఒకటి ఉంచి నడిపి చూశాం. ఒకటి బాగుంది, ఒకటి పోయింది. పోయినదాని కాళ్లు రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టినా మార్పు లేదు. కొత్త ముక్కకు రెండు డీఏపీ బస్తాల ఖర్చు కూడా కాలేదు.

అంతటితో అయిపోలేదు. చెడ్డ ర్యామ్ మీద అన్నాళ్లు నడిచిన లెక్కల్ని ఎలా నమ్మాలి? కాటా చీటీల కట్టలు తీసి, మూడు వారాల చీటీలు నంబరు నంబరుకీ కంప్యూటర్‌తో సరిచూశాం. రెండు రాత్రులు పట్టింది. చీటీలన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. పద్నాలుగు క్వింటాళ్ల ఇరవై కిలోలు. చీటీ ఉంది, కాటా సంతకం ఉంది, కంప్యూటర్‌లో లేదు. సేవ్ అవుతుండగా పడిపోయిన రోజుల్లో ఒక రోజుది. ఆ సరుకు ఒక కౌలు రైతుది. భర్త లేని మనిషి, పట్టా పేరు ఇంకొకరిది, ఆమె పంట వేసిందనడానికి మా దగ్గర ఉన్న ఆధారం ఆ పచ్చ కాగితం ఒక్కటే.

ఎంట్రీ మళ్లీ వేసి, ఆమె డబ్బులు మిగతావాళ్లతో పాటే ఖాతాలో జమ చేశాం. సీజన్ అవ్వగానే కాటా చీటీలు పారేసే సంఘాలు నాకు తెలిసే రెండు ఉన్నాయి. మీ దగ్గర ఎన్నాళ్లు దాస్తున్నారో రేపు వెళ్లి ఒక్కసారి అడగండి.