ఒకదాని మీదొకటి ఎక్కకుండా

కీబోర్డు మీద విండోస్ కీ నొక్కిపట్టి ఎడమ బాణం కొడితే ఏమవుతుందో మీకు తెలుసా? తెలిసినవాళ్లు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తెలియనివాళ్లు మాత్రం ముందు లేచి వెళ్లి ఒకసారి కొట్టి చూసి రండి. ఈ వ్యాసం ఎక్కడికీ పోదు.

చూశారా! తెరిచి ఉన్న ఫైలు ఠక్కున పోయి తెర ఎడమ సగంలో బిగుసుకుంటుంది. కుడి సగంలో మిగతా ఫైళ్లన్నీ చిన్న చిన్న బొమ్మలై వరసగా నిలబడతాయి. కావలసినదాని మీద ఒక్క నొక్కు నొక్కితే అది కుడివైపంతా పరుచుకుంటుంది. నడుమ సందు లేదు, ఒకదాని అంచు ఇంకొకదాని మీదికి ఎక్కదు. బేతంచెర్ల బండలు పరిచే మేస్త్రీ దారం కట్టి అంచుకు అంచు కూర్చినట్టే ఉంటుంది. రెంటి నడుమ గీతను మౌసుతో పట్టుకుని జరిపితే ఇంకా తమాషా: ఒకటి పెరిగినంత రెండోది తగ్గుతుంది. ఆ గీతను అటూ ఇటూ జరుపుతూ ఎంతసేపు ఆడుకున్నానో చెప్పను.

నాకిది చూపించింది ప్రొద్దుటూరులో ఒక డీటీపీ సెంటర్ పిల్లోడు. కలమళ్ల శాసనం ఫొటో ఒక ఫైలులో, పండితులు చదివిన పాఠం ఇంకో ఫైలులో పెట్టుకుని నేను తిప్పలు పడుతుంటే, వెనక నిలబడి చూసి చూసి వాడికే విసుగొచ్చింది. "ఏం సార్, దాన్ని మూస్తా దీన్ని తెరుస్తా ఎంతసేపు? రెండూ పక్కపక్కన పెట్టుకోండి" అని, నా భుజం మీదుగా చెయ్యి చాపి రెండు మీటలు నొక్కి టీ తాగడానికి పోయాడు. వాడికది ఏ పాటి విషయం! నాకు మాత్రం రెండు కళ్లూ చాల్లేదు.

కలమళ్ల ఇక్కడికి దగ్గరే, ఎర్రగుంట్ల మండలం. ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో ఉన్న రాతిమీద రేనాటి చోడరాజు ధనంజయుడి శాసనం ఉంది. లిపిని బట్టి క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు లెక్కగట్టారు, తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పుకుంటాం. దాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ప్రకటించినవాళ్లు నీలకంఠశాస్త్రి, వెంకటరామయ్య. అచ్చులో ఆ పాఠం అందరం చూసిందే. కానీ ఏ అక్షరం రాతిమీద ఎక్కడుందో పోల్చుకోవాలంటే ఫొటో చూడాలి, మూయాలి, పాఠం తెరవాలి, మళ్లీ ఫొటోకు రావాలి. ఈలోపు అక్షరం రూపం మనసులోంచి జారిపోతుంది.

ఇప్పుడు ఎడమన రాయి, కుడిన పాఠం. చెయ్యి కదలదు, కన్ను కదిలితే చాలు. ఒక్కో వరసా పెద్దది చేసి చూస్తూ పోయాను. 'ధనంజ' దగ్గర వరస అయిపోయింది, 'యుదు' కింది వరసలోకి దిగింది. అవును, 'డు' కాదు, 'దు'! 'రేనా' దగ్గర మళ్లీ వరస తెగింది, 'ణ్డు' కిందికి పోయింది. చెక్కినవాడు మాట పూర్తయిందా లేదా అని చూడలేదు, చోటు అయిపోతే తర్వాతి వరసకు వెళ్లిపోయాడు. ఇప్పటి మన తలకట్టు కోసం వెతికితే కనబడదు. గుండ్రటి అక్షరాలకు అలవాటుపడిన కంటికి అక్కడి 'ర' పొడుగాటి కాడతో కొత్తగా తగులుతుంది. పుస్తకం చదివి తెలుసుకున్నది వేరు, అక్షరం పక్కన అక్షరం పెట్టి చూసుకున్నది వేరు.

పక్కపక్కన పెట్టి సరిచూడడం కడపకు కొత్తేమీ కాదు. 1820లో ఉద్యోగం మీద ఆ ఊరొచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత అక్కడే బంగళా కొన్నాడు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికినన్ని రాతప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి పాఠాలు తేల్చేపని చేయించాడు. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. అంతమంది పండితులూ అన్ని ప్రతులూ ఎంత చోటు పట్టి ఉంటాయో! నాకు పద్నాలుగు అంగుళాల తెర సరిపోయింది.

ఇంకో వింత వినండి. 1985లో వచ్చిన మొట్టమొదటి విండోస్‌లో ఫైళ్ల కిటికీలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవే కావట. పక్కపక్కనే ఉండాల్సిందే. 1987లో రెండో విండోస్ వచ్చి, ఇక ఎక్కించుకోవచ్చని అనుమతిస్తే అదే గొప్ప అయింది! 2009లో విండోస్ 7 వచ్చాక కిటికీని తెర అంచుకు లాగితే సగంలో సర్దుకునే సదుపాయం పెట్టారు. మూలల్లో నాలుగు సర్దుకోవడం విండోస్ 10తో వచ్చింది: ఎడమ బాణం కొట్టి, విండోస్ కీ వదలకుండా పై బాణం కొడితే పైమూల. విండోస్ 11లో అయితే విండోస్ కీని జెడ్ అక్షరంతో కలిపి నొక్కితే రకరకాల గడుల నమూనాలే చూపిస్తుంది, ఎంచుకోవడమే.

నాలుగు మాత్రం నాలాంటివాళ్లకు వద్దనే చెప్తాను. చిన్న లాప్‌టాప్‌లో నాలుగు గడులు చేస్తే తెలుగు వత్తులు చీమల్లా అయిపోతాయి, కళ్లద్దాలు సవరించుకోవడమే పని. పైగా కొన్ని ప్రోగ్రాములు ఒక హద్దు దాటి చిన్నవి కావు, పక్కదాని మీదికి అంచు చాపుతాయి. రెండే సుఖం. మరీ కావాలంటే ఎడమన నిలువునా ఒకటి, కుడిన పైనా కిందా రెండు.

నేను ఆ మూడింటికే దిగాను. ఎడమన కలమళ్ల రాయి. కుడిన పైన ఎర్రగుడిపాడు శాసన పాఠం; అదీ రేనాటి చోడులదే, కమలాపురం వైపుది. కింద నా రాత. కలమళ్లలో 'ముతురాజు' అని ఒక్క తకారమే ఉంది, ఎర్రగుడిపాడులో 'ముత్తురాజు' అని వత్తు పడింది. రెండూ ఒక్క చూపులో కనబడ్డాయి! కుర్చీలోంచి లేచి, టీ తాగొస్తున్న పిల్లోణ్ణి పిలిచి చూపించాను. "బాగుంది సార్, నా బిల్లు కూడా ఇంకో మూలన పెట్టుకోండి" అన్నాడు.